రాత్రి పది దాటాక స్పానిష్ వైన్ బార్‌లో భోజనం: ఎలా చేయాలి?

మహారాష్ట్రలోని ధర్మాబాద్, దెగ్లూరు, బల్లార్షా, సిరొంచ వైపు నుంచి మనవాళ్లు పని మీదో, పిల్లల చదువుల కోసమో ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్తూనే ఉంటారు. అక్కడ స్పానిష్ పద్ధతిలో నడిచే వైన్ బార్‌లో కూర్చున్నప్పుడు జరిగే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే: మెనూ చూసి తినాలనుకున్నవన్నీ ఒకేసారి చెప్పేయడం. ఎనిమిది ప్లేట్లు ఒక్కసారే వచ్చి టేబుల్ నిండిపోతుంది. వేడిగా తినాల్సినవి చల్లారిపోతాయి, వైన్ మాత్రం ఒక్క గ్లాసే అయి ఉంటుంది. ఈ భోజనాన్ని రెండు మూడేసి ప్లేట్లుగా తినాలి. అవి అయ్యాక మరో రెండు. మిగతా జాగ్రత్తలన్నీ దీని చుట్టూనే ఉంటాయి.

1. వెళ్లే ముందు

స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికి ముందు మొదలవ్వదు, పదింటికి కూర్చోవడం మామూలే. మన నగరాల్లో బార్ అర్ధరాత్రి దాకా తెరిచి ఉన్నా వంటగది ముందే ఆగిపోవచ్చు. అందుకే ఫోన్ చేసి టేబుల్ అడిగేటప్పుడు “మూసేది ఎన్నింటికి” అని కాకుండా “వంటకు చివరి ఆర్డర్ ఎన్నింటికి” అని అడగండి. ఆ వేళకు కనీసం గంటన్నర ముందు కూర్చోవాలి. సాయంత్రం ఆరేడింటికి కొంచెం ఏదైనా తిని వెళ్లండి. పదింటి దాకా ఖాళీ కడుపుతో ఉండి మొదటి గ్లాసు తాగితే తల వెంటనే తిరుగుతుంది.

మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ వైన్ తాగడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి, గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి. మహారాష్ట్రలో చట్టప్రకారం తాగేవారికి పర్మిట్ కూడా ఉండాలి. ఒక్కరోజు పర్మిట్ సాధారణంగా బార్‌లోనే రాసిస్తారు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 తేదీల్లో మద్యం పోయరు. ఎన్నికల చోట పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలూ అంతే. ఇంకో మాట, ఆ రాత్రి రైలుకే తిరుగు టికెట్ తీసుకోవద్దు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్న తొందరలో ఈ భోజనం సాగదు.

2. మొదటి రౌండ్: చల్లనివి, ఉప్పనివి

నలుగురికి మొత్తం ఏడెనిమిది ప్లేట్లు, ఇద్దరికి నాలుగైదు సరిపోతాయి. ప్లేట్ల సైజు బార్‌ను బట్టి మారుతుంది. మెనూలో ‘రసియోన్’ అని ఉంటే పెద్ద ప్లేటు, ‘మేదియా రసియోన్’ అంటే అందులో సగం. తెలియకపోతే “ఇందులో ఎన్ని ముక్కలు వస్తాయి?” అని అడగండి. నలుగురు కూర్చున్న చోటికి మూడు ముక్కలు వస్తే ఒకరు మొహమాటపడి ఆగిపోతారు.

ముందు ఆలివ్‌లు, వేయించిన బాదం, ‘పాన్ కోన్ తొమాతె’ చెప్పండి. ఈ మూడోది కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, పండిన టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ఉప్పు వేసింది. వచ్చిన రెండు మూడు నిమిషాల్లో తినాలి, లేకపోతే రొట్టె నాని మెత్తబడిపోతుంది. వీటితో ‘ఫీనో’ గానీ ‘మన్సానియా’ గానీ ఒక గ్లాసు తీసుకోండి. ఇవి దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్, సాన్‌లూకర్ ప్రాంతాల వైన్లు. పీపాలో వైన్ మీద పొరలా కట్టే ఈస్ట్ కింద పాకానికి వస్తాయి, తీపి అసలుండదు. 15 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసే పోస్తారు. బాగా చల్లగా, 7 నుంచి 9 డిగ్రీల దగ్గర ఉండాలి. సీసా తెరిచి ఎన్ని రోజులైందో తప్పక అడగండి. వారం దాటిన ఫీనోలో తాజాదనం పోయి చప్పబడుతుంది. ఇది మరీ పొడిగా అనిపించేవాళ్లు కావా తీసుకోవచ్చు, బుడగల వైన్ కనుక నూనె వంటకాలకు బాగా నప్పుతుంది.

టేబుల్ మధ్యలో పెట్టి అందరూ తీసుకునే భోజనం ఇది. ఎంగిలి పట్టింపు ఉన్న పెద్దవాళ్లు ఉంటే ప్రతి ప్లేటుకూ వడ్డించుకునే చెంచా వేరుగా పెట్టమని ముందే చెప్పండి, అడిగితే ఎక్కడైనా ఇస్తారు.

3. రెండో రౌండ్: వేడివి

ఇక్కడ తప్పక తినాల్సింది రొయ్యలు, ‘గాంబాస్ అల్ ఆహీయో’. మట్టిపాత్రలో ఆలివ్ నూనె, పలచగా కోసిన వెల్లుల్లి, ఎండు మిర్చి, రొయ్యలు. నూనె చిటపటమంటూనే టేబుల్ మీదికొస్తుంది. పాత్రను చేత్తో జరపకండి, చాలాసేపు కాలుతూనే ఉంటుంది. మంట మీంచి దించాక కూడా ఆ నూనెలో రొయ్యలు ఉడుకుతూనే ఉంటాయి. మాటల్లో పడి పది నిమిషాలు వదిలేస్తే రబ్బరులా సాగుతాయి. అందుకని రాగానే తలా రెండు రొయ్యలు తమ ప్లేటులోకి తీసేసుకోవాలి. వెల్లుల్లి రుచి అంతా దిగింది నూనెలోకే, దాన్ని వదిలేసి పాత్ర పంపేయవద్దు. రొట్టె ముక్కలు ఇంకొన్ని తెప్పించి అడుగుదాకా అద్దుకుని తినండి. మొదటి రౌండ్ రొట్టె అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి రొయ్యలతోపాటే రొట్టె కూడా చెప్పడం మేలు.

వీటితో వెర్దేహో గానీ అల్బరీన్యో గానీ తాగండి, రెండూ తెల్ల వైన్లే. మొదటిది రుయేదా ప్రాంతానిది. రెండోది సముద్రపు ఒడ్డున ఉన్న గలీసియాది, చేపలూ రొయ్యలకు మరీ బాగుంటుంది.

ధర్మాబాద్ మిర్చి తినే నాలుకకు స్పానిష్ వంటలో కారం తక్కువనిపిస్తుంది. ‘పతతాస్ బ్రావాస్’ అనే ఆలుగడ్డ ముక్కల్ని కారంగా ఉంటాయని మెనూలో రాసినా మనకది కారం కాదు. అయినా పచ్చిమిర్చి అడిగి తెప్పించుకోకండి. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు ఆ మంటతో కలిస్తే చేదుగా మారుతుంది. కారం తిన్నాక తాగితే నూరు రూపాయల వైనూ వేయి రూపాయల వైనూ ఒకేలా ఉంటాయి.

4. శాకాహారులు, శ్రావణం పాటించేవాళ్లు

పేరు చూసి శాకాహారమని అనుకోకూడదు. ‘క్రోకెతాస్’ అనే వేయించిన ఉండల లోపల తెల్లని సాస్‌లో తరచూ పంది మాంసం ముక్కలు కలుస్తాయి. ‘సల్మొరేహో’ చల్లని టమాటా సూప్, కానీ పైన ‘హమోన్’ చల్లుతారు, అది ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం. మాంచెగో గొర్రె పాల చీజ్. దాన్ని గడ్డకట్టించడానికి సంప్రదాయంగా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. ఆలుగడ్డలు రొయ్యలు వేయించిన నూనెలోనే వేయించారా అనీ అడగాలి. పాలకూర–శనగల కూర, కాల్చిన వంకాయ–క్యాప్సికం, వేయించిన చిన్న పద్రోన్ మిరపకాయలు ఒకసారి అడిగి తినగలిగినవి. ఆ మిరపకాయల్లో ఎక్కడో ఒకటి ఘాటుగా తగులుతుంది. ‘తోర్తియా’ గుడ్లు, ఆలుగడ్డలతో మందంగా వేసే అట్టు, గుడ్డు తినేవాళ్లకు కడుపు నింపేది అదే.

5. అన్నం కావాలంటే

పయేయా చెప్పుకోండి, కానీ అప్పటికప్పుడు బియ్యం వేసి వండితే అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మొదటి రౌండ్ అవుతుండగానే చెప్పేయాలి. పావుగంటలో తెచ్చారంటే ముందే వండి వేడి చేసిందనుకోవచ్చు. చాలాచోట్ల కనీసం ఇద్దరికి సరిపడా వండుతారు. పెనం వెడల్పుగా, అన్నం పలచగా పరిచి ఉండాలి. మెతుకు అంటుకోకుండా విడిగా ఉండాలి. అడుగున ‘సొకర్రాత్’ అనే కరకరలాడే పొర కడుతుంది, మన ఇంట్లో పెద్దవాళ్లు గీరుకుని తినే అన్నం మాడులా. గరిటె అంచుతో గీరి అందరికీ కాస్త పంచండి. దాన్ని బిర్యానీలా కలిపేస్తే పాడవుతుంది. ఇది పుట్టిన వలెన్సియాలో మధ్యాహ్నం తింటారు. అర్ధరాత్రి పూట బరువవుతుంది, అందుకే నలుగురికి ఇద్దరి పయేయా చాలు.

దీనికీ, మాంసానికీ రియోహా ప్రాంతపు ఎర్ర వైన్ తెప్పించండి. సీసా మీద ‘క్రియాన్సా’ అని ఉంటే అమ్మకానికి ముందు కనీసం 2 ఏళ్లు, అందులో ఏడాది ఓక్ పీపాలో నిల్వ ఉన్నది. ‘రెసెర్వా’ 3 ఏళ్లు, ‘గ్రాన్ రెసెర్వా’ 5 ఏళ్లు. ఈ భోజనానికి క్రియాన్సా చాలు, మిగతావాటికి డబ్బు పెట్టనక్కర్లేదు. సీసా 750 మిల్లీలీటర్లు, అంటే 150 చొప్పున అయిదు గ్లాసులు. వెయిటర్ కొంచెం పోసి చూడమంటే వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల వైన్ పాడైందన్నమాట, వెనక్కి పంపవచ్చు. రుచి నచ్చలేదని మాత్రం పంపకూడదు. ఎండాకాలంలో ఎర్ర వైన్ గది వేడికి 30 డిగ్రీలు దాటి ఉండవచ్చు, అప్పుడు ఆల్కహాల్ ఘాటే ముక్కుకు కొడుతుంది. పది పదిహేను నిమిషాలు ఐసు బకెట్‌లో పెట్టమనండి. 16–18 డిగ్రీలకు రావాలి.

6. ముగించేటప్పుడు

గ్లాసు వైన్‌కు గ్లాసు నీళ్లు, ఒక్కో గ్లాసుకు ముప్పావుగంట. తీపి కావాలంటే చూరోస్, అంటే నూనెలో వేయించిన పిండి కడ్డీలు, చెప్పుకోండి. లేదా ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పేద్రో హిమేనెస్ అనే తీపి వైన్ చిన్న గ్లాసు తీసుకోండి. అదే పాకంలా చిక్కగా ఉంటుంది.

బిల్లులో సర్వీస్ చార్జీ కలిపి ఉంటే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగవచ్చు. నచ్చితే మీరే టిప్ ఇవ్వండి. వాహనం నడపాల్సినవాళ్లు అసలు తాగవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే, మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా. ముందే క్యాబ్ మాట్లాడుకోండి. సిరొంచ వైపు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. మిగిలిన సీసా సంచిలో పెట్టుకుని ఆ జిల్లాలోకి వెళ్తే కేసవుతుంది, దాన్ని బార్‌లోనే వదిలేయండి.