కాలిఫోర్నియాలో అమ్మానాన్నల సంరక్షణకు వేతనం: ఐహెచ్‌ఎస్‌ఎస్ ప్రొవైడర్‌గా నమోదు ఎలా?

మంచాన పడ్డ అత్తగారికి స్నానం చేయించడం, అన్నం కలిపి తినిపించడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మన ఇళ్లలో కూతురో కోడలో చేస్తూనే ఉంటుంది. కాలిఫోర్నియాలో ఈ పనికి గంటల లెక్కన ప్రభుత్వ వేతనం ఉంది. పథకం పేరు ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్, అందరూ వాడే మాట ఐహెచ్‌ఎస్‌ఎస్. సేవ చేసేవారు ప్రొవైడర్, పొందేవారు రెసిపియెంట్. సొంతవాళ్లయినా ప్రొవైడర్ కావచ్చు. నర్సింగ్ సర్టిఫికెట్ అడగరు.

ముందు పెద్దవాళ్ల దరఖాస్తు

రెసిపియెంట్‌కు మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి కాలిఫోర్నియా ప్రభుత్వ వైద్య బీమా) ఉండాలి. వయసు 65 నిండి ఉండాలి, లేదా అంధత్వమో వైకల్యమో ఉండాలి. ఉండేది సొంత నివాసంలోనే తప్ప నర్సింగ్ హోమ్‌లో కాకూడదు. కౌంటీ కార్యాలయంలో దరఖాస్తు చేశాక ఎస్‌ఓసీ 873 అనే ఫారం మీద డాక్టరు ధ్రువీకరించాలి. ఆ తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొచ్చి ఏ పనికి ఎంత సాయం కావాలో చూసి, నెలకు ఎన్ని గంటలో నిర్ణయిస్తారు. గరిష్ఠం 283 గంటలు.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఇంటికొచ్చిన కొత్త మనిషి ముందు పెద్దవాళ్లు లేచి కూర్చుని, "నాకేం, అన్నీ నేనే చేసుకుంటాను" అనేస్తారు. బాత్రూంలో పట్టుకోవాలని చెప్పుకోవడం వాళ్లకు నామోషీ. ఆ మాటే రికార్డుకెక్కుతుంది, గంటలు తగ్గుతాయి. అందుకే రాత్రి ఎన్నిసార్లు లేపాల్సి వస్తోందో, ఎప్పుడు పడిపోయారో, స్టవ్ ఆపడం ఎప్పుడు మరిచిపోయారో రెండు వారాలపాటు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి, కౌంటీ ఉచితంగా ఏర్పాటు చేయాలి. పిల్లల చేత అనువాదం చేయించకండి. నానమ్మ మూత్రం విషయం మనవడి నోట చెప్పించడం ఇద్దరికీ కష్టమే.

మీకు పనిచేసే అనుమతి ఉందా?

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఇబ్బంది లేదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవారు ఈఏడీ (పనిచేసే అనుమతి) కార్డు చేతికొచ్చి, అది చెల్లుబాటులో ఉన్నంత కాలం చేయవచ్చు. ఈఏడీ లేని హెచ్-4, విజిటర్ వీసా మీద వచ్చినవారు ఈ వేతనం తీసుకోకూడదు. హెచ్-1బీ స్పాన్సర్ చేసిన కంపెనీ పనికే కాబట్టి అదీ కుదరదు. "ఇంట్లో పనే కదా" అనుకోవద్దు. అనుమతి లేకుండా జీతం తీసుకోవడం రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తుకే ఎసరు పెట్టవచ్చు.

నమోదు

ప్రొవైడర్ ఎస్‌ఓసీ 426 ఫారం నింపి, ఫొటో గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు అసలు ప్రతులు చూపించాలి. రెండింటి మీదా పేరు ఒకేలా ఉండాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, అమెరికాలో దిగాక పేరు ముందు "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) చేరడం మామూలే. అలాంటి తేడా ఉంటే ముందు సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో సరిచేయించుకుని రండి.

తర్వాత నేర చరిత్ర తనిఖీకి లైవ్ స్కాన్ (యంత్రం మీద తీసే) వేలిముద్రలు. కౌంటీ ఇచ్చిన కాగితంతోనే వెళ్లాలి, ఫీజు మీరే కట్టుకోవాలి. ఇమిగ్రేషన్‌కు ఇచ్చిన వేలిముద్రలు దీనికి పనికిరావు. పిల్లల మీద, వృద్ధుల మీద అఘాయిత్యం, ప్రభుత్వ వైద్య పథకాల్లో మోసం వంటి నేరాల్లో గత పదేళ్లలో శిక్ష పడి ఉంటే అనర్హులు.

ఓరియెంటేషన్ (పథకం నియమాలు చెప్పే పరిచయ తరగతి) పూర్తిచేసి, ఎస్‌ఓసీ 846 ఒప్పందం మీద సంతకం చేయాలి. మిమ్మల్ని నియమించుకుంటున్నట్టు రెసిపియెంట్ ఎస్‌ఓసీ 426ఏ మీద సంతకం పెడతారు. మిమ్మల్ని పెట్టుకునేదీ, తీసేసేదీ వారే. మీకు పనిచేసే అర్హత ఉందని చూపే ఐ-9 ఫారం కూడా వారి దగ్గరే ఉంటుంది. ఇవన్నీ 90 రోజుల్లో ముగియాలి.

టైమ్‌షీట్, పన్ను

నెలకు రెండుసార్లు, 15వ తేదీ వరకు ఒకటి, మిగతా రోజులకు ఒకటి, ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో గంటలు నమోదు చేస్తే రెసిపియెంట్ ఆమోదించాలి. గంటకు ఎంతన్నది కౌంటీని బట్టి మారుతుంది. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. ఒకే ఇంట్లో ఉంటున్నవారు ఎస్‌ఓసీ 2298 ఇస్తే ఈ వేతనాన్ని ఆదాయపు పన్ను లెక్కలోకి తీసుకోరు. దీన్ని చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి. వేరే ఇంట్లో ఉంటే మాత్రం ప్రతిరోజూ పని మొదట్లో, చివర్లో హాజరు నమోదు చేయాలి.

గంటలు తగ్గిస్తూ నోటీసు వస్తే దిగులుపడి ఊరుకోవద్దు. 90 రోజుల్లోగా స్టేట్ హియరింగ్ (ఆ నిర్ణయంపై రాష్ట్రస్థాయి విచారణ) కోరే హక్కు రెసిపియెంట్‌కు ఉంది. కోత అమలయ్యే తేదీకి ముందే కోరితే, తీర్పు వచ్చేదాకా పాత గంటలే కొనసాగుతాయి. రాసిపెట్టుకున్న ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి.