స్విచ్ ఆపితే సరిపోదు: ఇంట్లో సొంతంగా రిపేర్లు చేసేవాళ్లకు జాగ్రత్తలు

ఊడిన గొళ్లెం బిగించుకోవడం, కారే కుళాయికి వాషర్ మార్చుకోవడం, ఖాళీ గోడకు షెల్ఫ్ పెట్టుకోవడం లాంటివి మన చేత్తో మనం చేసుకుంటే ఆ తృప్తే వేరు. తప్పకుండా చేయండి. నాకు భయం పెద్ద పనుల గురించి కాదు, వాటికి మనిషి ఎలాగూ ఒళ్లు దగ్గర పెట్టుకునే దిగుతాడు. "రెండు నిమిషాల పనే కదా" అనుకున్నప్పుడే మెయిన్ ఆపడం మానేస్తాం, నిచ్చెన బదులు కుర్చీ లాక్కుంటాం, కళ్లద్దాలు ఎక్కడో ఉన్నాయిలే అని డ్రిల్ మొదలుపెట్టేస్తాం. కాబట్టి పని ఎలా చేయాలన్నది పక్కన పెట్టి, చెయ్యి పెట్టే ముందు ఏం చూసుకోవాలో మాత్రమే ఇక్కడ చెబుతాను.

కరెంటు పని

స్విచ్ ఆపితే కరెంటు పోయినట్టే అనుకుంటారు చాలామంది. వైరింగ్ సరిగ్గా చేసిన ఇంట్లో స్విచ్ ఫేజ్ తీగ (కరెంటు తెచ్చే తీగ) మీద ఉంటుంది. పొరపాటున న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద పెట్టి ఉంటే, స్విచ్ ఆపగానే లైటు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. చూడ్డానికి ఏ తేడా తెలియదు. అందుకే ఎంత చిన్న పనైనా ఆ గదికి వెళ్లే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే, కరెంటు మరీ ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్) ఆపండి. ఏది ఏ గదిదో తెలియకపోతే మెయినే ఆపేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అదీ చాలదు. మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టర్ తన లైన్లకు కరెంటు పంపడం మొదలుపెడుతుంది. దాన్ని కూడా విడిగా ఆపాలి.

ఆపాక ఇంట్లో అందరికీ నోటితో చెప్పండి. బోర్డు మీద "పని జరుగుతోంది, ఆన్ చేయవద్దు" అని కాగితం అంటించండి. ఫ్యాన్ ఆగిపోయిందని పక్కగదిలోంచి ఎవరో వచ్చి మెయిన్ వేసేయడం చాలా సులభంగా జరిగిపోయే విషయం.

ఆ తర్వాత టెస్టర్. ముందు కరెంటు ఉందని మీకు కచ్చితంగా తెలిసిన సాకెట్‌లో, అంటే మీరు ఆపని లైన్‌లో పెట్టి చూడండి, వెలగాలి. తర్వాత మీరు పని చేయబోయే చోట ఒక్క తీగకే కాకుండా కనిపించే ప్రతి తీగకూ తాకించి చూడండి, వెలగకూడదు. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి సాకెట్‌లోనే చూడండి, ఇంకా వెలుగుతుండాలి. మూడోసారి ఎందుకంటే, టెస్టర్‌లోని చిన్న బల్బు మధ్యలోనే పోయి ఉండొచ్చు. పైగా మామూలు స్క్రూడ్రైవర్ టెస్టర్ మన ఒంటి గుండా నేలలోకి వెళ్లే అతి కొద్ది కరెంటుతో వెలుగుతుంది. రబ్బరు చెప్పులతో చెక్క బల్ల మీద నిలబడితే ఫేజ్ ఉన్నా సరిగ్గా వెలగకపోవచ్చు. మెయిన్ మొత్తం ఆపేశారంటే పోల్చి చూడటానికి వేరే సాకెట్ ఉండదు కాబట్టి, ఆపే ముందే టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసి పెట్టుకోండి. తరచూ ఇలాంటి పనులు చేసేవాళ్లయితే మల్టీమీటర్ (వోల్టేజీని అంకెల్లో చూపించే మీటరు) కొనుక్కోవడమే మేలు.

అన్ని తీగలకూ తాకించమన్నదానికి కారణం ఉంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిపోతే, ఆన్‌లో ఉన్న లైటు గుండానో ఫ్యాన్ గుండానో ఫేజ్ కరెంటు తెగిన న్యూట్రల్ ముక్కలోకి వచ్చి కూర్చుంటుంది. రంగు చూసి "ఇది న్యూట్రలేలే" అని పట్టుకుంటే షాక్ కొడుతుంది.

ఇంకొక అపోహ, "ఎంసీబీ ఉందిగా, షాక్ కొడితే అదే పడిపోతుంది" అని. ఎంసీబీ ఉన్నది తీగలు వేడెక్కి కాలిపోకుండా చూడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్. ఇళ్లలో సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కితే ట్రిప్ అవ్వాలి. కాకపోతే మార్పించండి. ఇది ఉన్నా ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే కాపాడలేదు. కరెంటు నేలలోకి లీక్ అయితేనే దానికి తెలుస్తుంది.

మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా అందులోని కెపాసిటర్‌లో (ఛార్జ్ నిల్వ చేసుకునే భాగంలో) రెండు వేల వోల్టులకు పైగా మిగిలి ఉండే అవకాశం ఉంది. దాన్ని ఆ పని తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

నిచ్చెన

బల్ల మీద స్టూలు, స్టూలు మీద మనిషి. ఈ ఏర్పాటుతో ఎక్కొద్దు, అంతే.

గోడకు ఆనించే నిచ్చెనైతే, అది గోడకు ఆనిన ఎత్తు నాలుగు అడుగులకు అడుగు చొప్పున కాలు వెనక్కి ఉండాలి. పన్నెండు అడుగుల ఎత్తున ఆనితే కింద మూడు అడుగుల దూరం అన్నమాట. మరీ నిటారుగా పెడితే మనిషితో సహా వెనక్కి పడుతుంది, మరీ ఏటవాలుగా పెడితే కాలు జారుతుంది. డాబా మీదికి ఎక్కడానికైతే నిచ్చెన పిట్టగోడకు పైన ఇంకో మూడడుగులు ఉండేలా చూసుకోండి, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది. మడత నిచ్చెనను పూర్తిగా తెరిచి లాక్ వేశాకే ఎక్కాలి. మడిచి గోడకు ఆనిస్తే జారిపోతుంది.

ఎక్కాక పడేది ఎక్కువగా పక్కకు వంగినప్పుడే. చేతికి ఇంకో జానెడు దూరంలో మేకు ఉంటుంది, దిగి నిచ్చెన జరపడానికి బద్ధకం. మీ బొడ్డు నిచ్చెన రెండు నిలువు కమ్మీల మధ్యలోనే ఉండాలని గుర్తుపెట్టుకోండి. బొడ్డు కమ్మీ దాటుతోందంటే దిగి జరపాల్సిందే. నిచ్చెన తలుపు ఎదురుగా ఉంటే ఆ తలుపుకి గడియ పెట్టండి. కరెంటు తీగల దగ్గరకు అల్యూమినియం నిచ్చెన తీసుకెళ్లొద్దు. ఇంట్లో ఎవరూ లేని సమయంలో ఎక్కకపోవడమే మంచిది.

డ్రిల్, గ్రైండర్

గోడలో తీగలు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిటారుగా పైకి గానీ, కిందికి గానీ, అడ్డంగా గానీ వెళ్తాయి. కుళాయి, గీజర్ పైపులూ అంతే. కాబట్టి బోర్డుకీ, కుళాయికీ సరిగ్గా పైనా, కిందా, పక్కనా కన్నం పెట్టకండి. చేసినవాళ్లు ఐమూలగా లాగేసి ఉండొచ్చు కూడా, అందుకే ఏదో ఒకటి ఉందనే అనుకుని మెల్లగా మొదలుపెట్టండి.

కళ్లద్దాలంటే చూపు కోసం పెట్టుకునేవి కాదు, పక్కలు కూడా మూసుకునే సేఫ్టీ గ్లాసెస్. తల పైకెత్తి సీలింగ్‌లో కన్నం పెట్టేటప్పుడు ఇవి లేకుండా అసలు వద్దు. తిరిగే డ్రిల్ దగ్గర గ్లౌజులు వేసుకోకండి, బిట్‌కి గుడ్డ చుట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. చున్నీ, విరబోసిన జుట్టు, వదులుగా ఉండే చొక్కా చేతులు కూడా అంతే ప్రమాదం.

గ్రైండర్ ఇంకా ప్రమాదకరం. చిన్న నాలుగంగుళాల గ్రైండర్ చక్రం నిమిషానికి పదకొండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. చక్రం మీద రాసి ఉన్న ఆర్‌పీఎం (నిమిషానికి చుట్ల లెక్క), మెషీన్ ఆర్‌పీఎం కంటే తక్కువ ఉండకూడదు. కింద పడ్డ చక్రం బీట కనిపించకపోయినా పారేయండి. చక్రానికి కప్పి ఉండే గార్డ్ అడ్డొస్తోందని తీసేయొద్దు. చెక్క కోసే పళ్ల బ్లేడు గ్రైండర్‌కి బిగించేవాళ్లు ఉన్నారు, దయచేసి అది చేయకండి. బ్లేడు చెక్కలో పట్టేసిందంటే మెషీన్ ఎగిరి మీదికే వస్తుంది.

సిమెంటు, రసాయనాలు

తడి సిమెంటు గాఢమైన క్షారం. చేత్తో కలిపినా, మోకాళ్ల మీద కూర్చుని పూసినా అప్పటికప్పుడు మంట తెలియదు, గంటల తర్వాత చర్మం కాలి ఊడుతుంది. రబ్బరు గ్లౌజులు వేసుకోండి, బట్టలు తడిస్తే వెంటనే మార్చుకుని కడుక్కోండి.

బ్లీచ్‌ని యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. పాత ఇళ్ల పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకకుండా తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఆస్బెస్టాస్ రేకులకు కన్నాలు పెట్టడం, కోయడం మానుకోండి. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. విడివిడిగా ఆరేయండి.

సెప్టిక్ ట్యాంకులోకి దిగడం, గ్యాస్ లైను మార్చడం, పిల్లర్, బీమ్ కొట్టడం మన పనులు కావు. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది. లోపల పడినవారిని కాపాడబోయి దిగినవాళ్లూ చనిపోతారు.

ఏదైనా జరిగితే

షాక్ కొట్టినవారిని చేత్తో లాగకండి. ముందు మెయిన్ ఆపండి. కుదరకపోతే మీరు పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో విడదీయండి. లేచి బాగానే మాట్లాడుతున్నా, గుండె దడ గానీ, స్పృహ తప్పడం గానీ, కాలిన గాయం గానీ ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కంట్లో రసాయనం పడితే కనీసం పావుగంట నుంచి ఇరవై నిమిషాల పాటు ధారగా నీళ్లతో కడగండి. లోహపు రవ్వ గుచ్చుకుంటే మాత్రం నలపొద్దు, తీయడానికి ప్రయత్నించొద్దు. కంటిని నొక్కకుండా పైన ఒక చిన్న గిన్నె లాంటిది అడ్డుపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి.