డేటాబేస్ కనెక్ట్ కావట్లేదా? ముందు ఎర్రర్ నంబరు చదవండి

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండి పనిచేసే మన కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నా, కోడ్ అంతా కరెక్టే, మైఎస్‌క్యూఎల్ మాత్రం కనెక్ట్ కావట్లేదు." ఎర్రర్ నంబరు ఎంత అంటే చూడలేదంటారు. దయచేసి ముందు అది చూడండి. పాస్‌వర్డు మార్చడం, సర్వర్ రీస్టార్ట్ చేయడం, లైబ్రరీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఆ తర్వాత. 2000ల్లో ఉన్న నంబరు మీ ప్రోగ్రాం వైపు లైబ్రరీ ఇచ్చింది. 1000ల్లో ఉన్నది సర్వర్ ఇచ్చింది. 1045 (లాగిన్‌ని సర్వర్ ఒప్పుకోలేదు) వచ్చిందంటే ఏదో ఒక సర్వర్ దాకా చేరినట్టే, ఇక ఫైర్‌వాల్ జోలికి వెళ్లకండి.

2003 (సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయింది) వస్తే

సర్వర్ నడుస్తోందా, మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే 3306 పోర్టు తెరిచి ఉందా, బైండ్ అడ్రస్ (సర్వర్ కనెక్షన్లు తీసుకునే అడ్రస్) 127.0.0.1కే, అంటే ఆ మెషీన్‌కే పరిమితమైందా చూడండి. ప్రోగ్రాం డాకర్ కంటైనర్‌లో (ల్యాప్‌టాప్‌లోనే విడిగా నడిచే డబ్బా లాంటిది) ఉంటే అక్కడ 127.0.0.1 అంటే ఆ కంటైనరే, మీ ల్యాప్‌టాప్ కాదు. డాకర్ కంపోజ్ (చాలా కంటైనర్లను కలిపి నడిపేది) వాడుతుంటే హోస్ట్ దగ్గర డేటాబేస్ సర్వీస్ పేరు రాయండి.

పాస్‌వర్డు సరైనదే, అయినా 1045 వస్తే

మెసేజ్‌లో యూజర్ పేరు తర్వాత @ పక్కన ఏముందో చదవండి. మైఎస్‌క్యూఎల్ పేరుతో పాటు ఎక్కణ్ణుంచి వస్తున్నారో కూడా చూస్తుంది. యాప్@లోకల్‌హోస్ట్ వేరు, యాప్@172.17.0.1 వేరు. లేని అకౌంట్ సృష్టించి, అవసరమైన అనుమతులే ఇవ్వండి. తొందరలో % (ఎక్కణ్ణుంచైనా రావచ్చని అర్థం) పెట్టేయకండి.

పోర్టు సరిగ్గా ఇచ్చినా వేరే డేటాబేస్ తగులుతుంటే

అందరినీ బాగా ఏడిపించేది ఇది. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి క్లయింట్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (ల్యాప్‌టాప్ పోర్టును క్లయింట్ సర్వర్ పోర్టుకు కలిపే సురక్షిత దారి) వేస్తారు. ఇటు 3307, అటు 3306. స్క్రిప్టులో హోస్ట్ లోకల్‌హోస్ట్, పోర్టు 3307 అని రాస్తారు. కొందరికి 1045 వస్తుంది. కొందరికి చక్కగా కనెక్ట్ అవుతుంది, కానీ టేబుల్ లేదంటుంది, లేదా ఎప్పటిదో పాత డేటా చూపిస్తుంది. టన్నెల్‌ని అనుమానిస్తూ ఒక పూట గడిచిపోతుంది. స్క్రిప్టు అసలు టన్నెల్‌లోకే వెళ్లలేదు.

లినక్స్, మాక్‌లలో చాలా మైఎస్‌క్యూఎల్ లైబ్రరీలు లోకల్‌హోస్ట్ అన్న మాట కనిపించగానే యూనిక్స్ సాకెట్ ఫైలు (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాంలు నెట్‌వర్క్ లేకుండా మాట్లాడుకునే దారి) తెరుస్తాయి. సాకెట్‌కు పోర్టుతో పని లేదు కాబట్టి మీరిచ్చిన 3307ని పట్టించుకోవు, ఆ సంగతి మీకు చెప్పవు కూడా. ల్యాప్‌టాప్‌లో సొంత మైఎస్‌క్యూఎల్ నడుస్తుంటే దానికే వెళ్లి తగులుకుంటాయి. నడవకపోతే సాకెట్ దొరకలేదని 2002 వస్తుంది. అలా వస్తేనే నయం, కనీసం తెలుస్తుంది.

లైబ్రరీలన్నీ ఒకేలా ఉండకపోవడం ఇంకో తలనొప్పి. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్ఐ, పీడీఓ, పైథాన్‌లో మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ సాకెట్ పట్టుకుంటాయి. పైమైఎస్‌క్యూఎల్ మాత్రం టీసీపీలోనే, అంటే నెట్‌వర్క్ పోర్టు ద్వారానే వెళ్తుంది. విండోస్‌లో ఈ గొడవే లేదు. అందుకే పక్క సీట్లో పనిచేసిన స్క్రిప్టు మీ దగ్గర మొండికేస్తుంది.

హోస్ట్ దగ్గర 127.0.0.1 రాయండి, పోర్టు పనిచేస్తుంది. తర్వాత స్క్రిప్టు నుంచే సెలెక్ట్ @@హోస్ట్‌నేమ్ నడిపి ఏ మెషీన్ పేరు వస్తుందో చూడండి. డిలీట్, ఆల్టర్ చేసే స్క్రిప్టుల్లో ఈ చెక్ ఎప్పుడూ ఉంచండి, పేరు తేడా వస్తే అక్కడే ఆగిపోవాలి. సర్వర్‌లో స్కిప్ నేమ్ రిజాల్వ్ (ఐపీ అడ్రస్‌ని పేరుగా మార్చి చూడకపోవడం) ఆన్ చేసి ఉంటే లోకల్‌హోస్ట్ పేరుతో ఉన్న అకౌంట్ టన్నెల్‌కు సరిపోదు, 127.0.0.1కి విడిగా అకౌంట్ కావాలి.

మిగతావి

రాత్రంతా ఖాళీగా ఉన్న ప్రోగ్రాం పొద్దున్నే 2006 (సర్వర్ కనెక్షన్ తెగిపోయింది) ఇస్తే వెయిట్ టైమౌట్ (ఖాళీ కనెక్షన్‌ని సర్వర్ ఉంచే గడువు) దాటినట్టు. డిఫాల్ట్ 28800 సెకన్లు, అంటే 8 గంటలు. వాడే ముందు కనెక్షన్ బతికుందో లేదో చూసి, లేకపోతే కొత్తది తెరవండి. 1040 (కనెక్షన్లు మరీ ఎక్కువయ్యాయి) వస్తే ఎక్కడో కనెక్షన్లు మూయకుండా వదిలేస్తున్నారేమో చూడండి. 8.0 సర్వర్‌తో పాత డ్రైవర్ ఆథెంటికేషన్ ప్లగిన్ (లాగిన్ సరిచూసే పద్ధతి) తెలియదంటే డ్రైవర్ని అప్‌డేట్ చేయండి, సర్వర్‌ని పాత ప్లగిన్‌కు దించకండి. 9.0లో ఆ పాత ప్లగిన్‌ని తీసేశారు.