యుద్ధకాలపు నావికాధికారి డైరీని ఎత్తిరాయడం ఎలా?

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు సముద్రం దూరం. అందువల్ల రెండో ప్రపంచయుద్ధకాలంలో రాయల్ ఇండియన్ నేవీలో అధికారిగా చేరి, పరదేశపు రేవుల్లో పనిచేసిన యువకుడి డైరీ ఏ అటకమీది ట్రంకుపెట్టెలోనో బయటపడినప్పుడు, దస్తూరి అర్థమైనా విషయం అర్థంకాక ఇంటివారు దానిని మళ్లీ పెట్టెలోనే పెట్టేస్తుంటారు. అటువంటి డైరీని పాడుచేయకుండా, రాసినవాడి మాటను మార్చకుండా నకలు తీసే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు కాగితం సంగతి. యుద్ధకాలపు నాసిరకం కాగితంలోని ఆమ్లగుణానికి మన ఎండలు తోడైతే అంచులు పెళుసెక్కి, ముట్టుకుంటే రాలుతాయి. చేతులు శుభ్రంగా కడుక్కొని, తడి పూర్తిగా ఆరాక, బల్లమీద మెత్తని గుడ్డ పరచి పుటలు తిప్పాలి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకూడదు. లామినేషన్ చేయిస్తే దానిని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. తుప్పుపట్టిన పిన్నులను బలవంతంగా లాగవద్దు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు ఇళ్లలో నానినట్టుగా పుస్తకం ఎప్పుడైనా తడిస్తే ఎండలో పెట్టకుండా, పుటల మధ్య అద్దుడు కాగితాలు ఉంచి, వాటిని మారుస్తూ నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి.

చదవడానికి ముందే ఫోటోలు తీయాలి. కిటికీ పక్కన నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోను పుటకు సమాంతరంగా ఉంచితే సరిపోతుంది. అట్ట, ఖాళీ పుటలు, మధ్యలో దాచిన ఉత్తరాలు, రసీదులు అన్నీ దొరికిన వరుసలోనే తీయాలి. ఏ కాగితం ఏ పుటల మధ్య ఉన్నదో కూడా రాసిపెట్టుకోవాలి.

ఇక ఎత్తిరాత. ఇదే అసలు పని, దీనికి తొందర పనికిరాదు. ముందుగా తేదీలు, నెలల పేర్లు, పదేపదే వచ్చే రేవుల పేర్లు చూసి, ఆ చేతిరాతలో ఏ అక్షరం ఎలా ఉంటుందో ఒక పట్టిక తయారుచేసుకోవాలి. ఆ తరువాత మూలంలో పంక్తి ఎక్కడ ముగిస్తే నకలులో కూడా అక్కడే ముగిస్తూ, తప్పులను, పొడి అక్షరాలను, కొట్టివేతలను ఉన్నవి ఉన్నట్టే రాయాలి. తెలియని మాటను ఊహించి పూరించకుండా, చదరపు కుండలీకరణాల్లో ప్రశ్నార్థకం వేసి వదలాలి. డైరీ ఇంగ్లీషులో ఉంటే తెలుగు అనువాదం వేరే పుస్తకంలో చేయాలి. పని ముగిశాక ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే మరొకరు నకలుతో సరిచూడాలి.

తేదీలను, వేళలను సరిచూడడంలో చాలామంది పొరబడతారు. నౌకలో కాపలాను వాచ్‌లుగా విభజిస్తారు: అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 4 వరకు మిడిల్ వాచ్, 4 నుంచి 8 వరకు మార్నింగ్ వాచ్, సాయంత్రం 4 నుంచి 8 మధ్య రెండేసి గంటల డాగ్ వాచ్‌లు. కాబట్టి 11వ తేదీ కింద, ‘ఈ రాత్రి మిడిల్ వాచ్‌లో’ అని ఉంటే ఆ సంఘటన నిజానికి 12వ తేదీన జరిగి ఉండవచ్చు. వేళ పక్కన జడ్ అక్షరం ఉంటే అది గ్రీనిచ్ సమయం. పైగా 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు భారతదేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. ఈ లెక్కలను అంచులో నోటుగా రాయాలి తప్ప మూలంలోని వేళను దిద్దకూడదు.

ఇంటి నుంచి వెళ్లిన తెలుగు ఉత్తరాలు డైరీలో ఉంటే అవి పెద్ద ఆధారం. వాటిపై సంవత్సరం, మాసం, తిథి ఉంటే పాత పంచాంగంతో పోల్చవచ్చు: 1942 ఉగాదికి చిత్రభాను మొదలైంది, ఆ తరువాత వరుసగా స్వభాను, తారణ, పార్థివ వచ్చాయి. ఉత్తరం అందిన రోజును అతడు డైరీలో రాసి ఉంటే, అది ఎన్నాళ్లు ప్రయాణించిందో తెలుస్తుంది.

ఊళ్ల పేర్లు పాతవే ఉంచి, నేటి పేర్లు అంచులో చేర్చాలి; బర్మాలోని అక్యాబ్ నేటి సిట్వే, రంగూన్ నేటి యాంగోన్. సంఘటనలను కూడా అలాగే సరిచూడాలి. అక్యాబ్‌లో మిత్రరాజ్యాల సేనలు దిగినది 1945 జనవరి 3న, రామ్రీ ద్వీపంలో దిగినది అదే నెల 21న. ఈ రెండూ ఉన్న బర్మా అరకాన్ తీరంలో ఆ రోజుల్లో నర్బద, జమ్నా వంటి భారతీయ నౌకలు పనిచేశాయి. అయితే డైరీలో నౌక పేరు లేదని, పెద్ద ఘటన ప్రస్తావన లేదని అతడు అక్కడ లేడని తేల్చకూడదు. శత్రువు చేతికి చిక్కితే ప్రమాదమని, యుద్ధరంగంలో డైరీలు రాయడంపై ఆంక్షలు ఉండేవి. రాసినవారు చాలా విషయాలు దాచుకొనే రాశారు.

అన్నిటికన్నా కష్టమైన పరీక్ష డైరీ 1946 ఫిబ్రవరి దాకా సాగితే ఎదురవుతుంది. 18వ తేదీన బొంబాయిలోని తల్వార్ శిక్షణ కేంద్రంలో నావికులు సమ్మెకు దిగారు, అది ఇతర నౌకలకు, రేవులకు పాకింది. అధికారిగా ఉన్న మన తాతగారు ఆ నావికులపై కఠినంగా రాసి ఉండవచ్చు, లేదా తన కింది వారి తిండి గురించీ, వారు పడ్డ అవమానాల గురించీ బాధపడి ఉండవచ్చు. ఏది రాసినా అక్షరం తగ్గించకూడదు. ఆయనను దేశభక్తుడిగా చూపాలన్న ఆరాటంతో ఒక్క వాక్యం తీసినా ఆ డైరీ సాక్ష్యంగా చెల్లదని నా దృఢమైన అభిప్రాయం. ఇతరుల పరువుకు సంబంధించిన మాటలుంటే వాటిని నకలులో ఉంచి, ప్రచురించే ప్రతిలో మాత్రం ఆపుకోవచ్చు.

ప్రచురణకు ముందు హక్కుల సంగతి తేల్చుకోవాలి. పుస్తకం ఎవరి పెట్టెలో ఉన్నా, ప్రచురించని రాతపై హక్కు సాధారణంగా రాసినవాడి వారసులందరిదీ కనుక, అక్కచెల్లెళ్ల పిల్లలతో సహా అందరి సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. మూలాన్ని ఇంట్లో కాపాడలేమనుకుంటే, రాతప్రతులను భద్రపరిచే కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వంటి సంస్థను సంప్రదించి, తీసుకుంటారో లేదో, తీసుకుంటే ఏ షరతులమీదో ముందే అడగాలి. అప్పగించేటప్పుడు పుటల సంఖ్యతో కూడిన రసీదు తీసుకొని, ఫోటోల ప్రతి ఒకటి ఇంట్లో, మరొకటి వేరే ఊళ్లోని బంధువు దగ్గర ఉంచాలి.