పాత హార్డ్‌వుడ్ ఫ్లోర్ సాండింగ్ చేయించాలా, పీకేసి కొత్తది వేయించాలా? ఎలా తేల్చుకోవాలి

న్యూజెర్సీ వైపు మనవాళ్ళు 1950ల్లో, 60ల్లో కట్టిన ఇల్లు కొంటారు, కార్పెట్ ఒక మూల లేపి చూస్తే కింద రెడ్ ఓక్ చెక్క కనిపిస్తుంది, ఇంక ఆ వారమే నాకు ఫోను, "అన్నా, చెక్కంతా గీతలే, పీకించేసి గ్రే కలర్ వినైల్ ప్లాస్టిక్ ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం" అని. ఆగండి బాబూ. మసి పట్టిందని ఇత్తడి బిందె ఎవరైనా పారేస్తారా, చింతపండు పెట్టి తోముకుంటారు కదా. మా ఇల్లు, ఫ్రెండ్స్ ఇళ్ళు కలిపి నేను చాలా ఫ్లోర్లు చూశాను, పీకేసిన వాటిల్లో చాలావరకు ఇంకా బోలెడు ఆయుష్షు ఉన్నవే. ఇంకో రకం వాళ్ళు కూడా ఉన్నారు, సాండింగ్‌కి, అంటే మెషిన్‌తో పైపొర గీకడానికి, చెక్క మిగల్లేదన్నా వినకుండా మళ్ళీ గీకించి మేకుల తలలు బయటపెట్టుకున్నవాళ్ళు. ఇద్దరూ చేసిన తప్పు ఒకటే, ముందు కొలత తీసుకోలేదు.

కావాల్సినవి: మిల్లీమీటర్లున్న స్కేలు, టార్చ్, గుండుసూది, పాత విజిటింగ్ కార్డు, పెన్సిల్, హార్డ్‌వేర్ షాపులో దొరికే తేమ మీటరు, తెల్ల గుడ్డ, కొంచెం మినరల్ స్పిరిట్స్ (పెయింటు పల్చబరిచే ద్రవం). అంతే.

1. నీళ్ళ చుక్క

గదిలో నాలుగు చోట్ల, ముఖ్యంగా అందరూ నడిచే దారిలో, ఒక్కో చుక్క నీళ్ళు వేసి ఐదు నిమిషాలు చూడండి. చుక్క ముత్యంలా అలాగే నిలబడితే పైన కోటింగ్ ఇంకా బతికే ఉంది, గీతలు పైపైనవే. అప్పుడు పూర్తి సాండింగ్ కూడా అక్కర్లేదు, పైన తేలిగ్గా బఫింగ్ చేసి (మెషిన్‌తో పైపైన రుద్ది) ఒక కోటు పాలియురేథేన్ (వార్నిష్‌లాంటి కోటింగ్) వేస్తే చాలు. నీళ్ళు ఇంకిపోయి చెక్క నల్లబడితే కోటింగ్ పోయినట్టే.

ఇంకా పాత ఇల్లయితే వాక్స్ పూసి ఉండొచ్చు. తెల్ల గుడ్డ మీద కొంచెం మినరల్ స్పిరిట్స్ వేసి రుద్దండి, గుడ్డకి పసుపు, గోధుమ రంగు జిడ్డు అంటితే అది వాక్సే, దాని మీద కొత్త కోటింగ్ అతుక్కోదు, మొత్తం గీకాల్సిందే.

2. అసలు కొలత, ఇక్కడ తొందరపడొద్దు

మామూలు సాలిడ్ ఓక్ చెక్క మందం 3/4 అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. అంత ఉంది కదా అని అంతా గీకేయడానికి కాదు. ఒక పలక అంచున నాలుకలా పొడుచుకొచ్చిన భాగం పక్క పలక గాడిలో దూరి ఉంటుంది, మేకులు కొట్టేది ఆ నాలుక దగ్గరే. నాలుక పైన ఉన్న చెక్క మాత్రమే మీది, కొత్తలో అది 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఒక్కో పూర్తి సాండింగ్‌కి అందులో దాదాపు 1 మిల్లీమీటరు పోతుంది, మెషిన్ పట్టినవాడి చెయ్యి సరిగ్గా లేకపోతే ఇంకా ఎక్కువే పోతుంది.

మొదట హీటింగ్ వెంట్ మీద జాలీ తీసి చెక్క అంచు చూడండి. ప్లైవుడ్‌లా పొరలు కనిపిస్తే అది ఇంజనీర్డ్ చెక్క. దాని పై పొర 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే సాండింగ్ మాటే ఎత్తొద్దు. ఒకటే చెక్క అయితే నాలుక ఎక్కడ మొదలవుతుందో చూసి, అక్కణ్ణుంచి పైకి కొలవండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. వెంట్ గోడ పక్కన ఉంటుంది, అక్కడ ఎవరూ నడవరు, పెద్ద మెషిన్ కూడా అక్కడిదాకా సరిగ్గా వెళ్ళదు. గది మధ్యలో, హాల్ దారిలో చెక్క దానికన్నా పల్చగా ఉండొచ్చు. అందుకే మధ్యలో కూడా కొలవాలి. రెండు పలకల మధ్య సందు వెతికి, గుండుసూదితో అందులో మట్టి, పాత ఫిల్లర్ బాగా గీరి తీసేసి, విజిటింగ్ కార్డు నిలువుగా దింపండి, అది నాలుకకి తగిలి ఆగుతుంది, పై అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి స్కేలుతో కొలవండి. మట్టి సరిగ్గా తీయకపోతే కొలత తక్కువ చూపిస్తుంది, మంచి ఫ్లోర్ అనవసరంగా పీకించుకుంటారు. నాలుక విరిగిపోయిన చోట కార్డు లోపలికి దిగిపోయి ఎక్కువ చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. కాబట్టి ఒక్క చోట కాదు, కనీసం పది చోట్ల తీయండి, మరీ తేడాగా వచ్చినవి వదిలేసి, మిగతావాటిల్లో తక్కువ వచ్చిన కొలతనే నమ్మండి. సగటు కట్టొద్దు, ఎందుకంటే మేకు బయటపడేది పల్చటి చోటే.

3 మిల్లీమీటర్లకి పైన ఉంటే నిశ్చింతగా సాండ్ చేయించండి. దానికన్నా తక్కువైతే బఫింగ్, కోటింగ్‌తో సరిపెట్టుకోండి. ఇప్పటికే మేకుల తలలు మెరుస్తున్నా, పలకల అంచులు పేళ్ళుగా లేచిపోతున్నా ఇంక దాని పని అయిపోయింది, కొత్తది వేయించుకోండి. ఒక్క మినహాయింపు: కొన్ని పాత ఇళ్ళల్లో 8 మిల్లీమీటర్ల పల్చటి ఓక్ పలకలు పైనుంచే మేకులు కొట్టి ఉంటాయి, అక్కడ మేకు కనపడటం మామూలే, కానీ చెక్కే పల్చన కాబట్టి సాండింగ్ చేసే పెద్ద డ్రమ్ మెషిన్ దగ్గరికి రానివ్వొద్దు.

మా ఫ్రెండ్ ఇంటికొచ్చిన ఒక కాంట్రాక్టర్ వంగి కూడా చూడలేదు, గుమ్మంలో నిలబడే "రీప్లేస్" అన్నాడు. వంగనివాడి కొటేషన్ నేనైతే చదవను.

3. తేమ, మరకలు

పలకల అంచులు లేచి మధ్యలో గుంటపడితే కింద తేమ ఉందని. మన ఇళ్ళల్లో దీనికి పెద్ద కారణం బకెట్టు. అత్తగారు ఆరు నెలలకి వస్తారు, పాపం ఆవిడకి ఇల్లు కడిగితేగాని తృప్తి ఉండదు, బకెట్లో బట్ట ముంచి రోజూ తుడుస్తారు. చెక్కకి పిండేసిన మాప్ చాలు, ముందే చెప్పండి, తర్వాత అనడం బాగోదు. ముందు తేమ ఎక్కణ్ణుంచి వస్తుందో ఆపండి, మీటర్లో 6 నుంచి 9 శాతం మధ్యకి వచ్చేదాకా ఆగండి, నెలలు పట్టినా సరే. వంగి ఉండగానే గీకితే, ఆరాక మధ్యలు ఉబ్బుతాయి. చలికాలం హీటర్ వల్ల వచ్చే సందులు మాత్రం జబ్బు కాదు, వేసవికి మూసుకుంటాయి.

కుక్క ఉచ్చ వల్ల వచ్చిన నల్ల మరకలు సాండింగ్‌తో చాలాసార్లు పోవు, లోపలికి దిగిపోతాయి. దానికోసం గదంతా పీకక్కర్లేదు, ఆ పలకలు మార్చితే చాలు.

1978కి ముందు ఇల్లయితే పెయింటులో, పాత వార్నిష్‌లో సీసం ఉండొచ్చు, దుమ్ము లేపకముందే టెస్ట్ చేయించండి, పిల్లలుంటే మరీనూ.

4. ఖర్చు

సాండింగ్‌కి చదరపు అడుగుకి సుమారు 3 నుంచి 8 డాలర్లు, పాతది తీసి కొత్త ఓక్ వేయిస్తే మామూలుగా దానికి రెట్టింపు పైనే. వినైల్ చవకే, కానీ గీత పడితే దాన్ని గీకలేరు, మార్చుకోవడమే. నాకైతే ఓక్ మీద వినైల్ పరచడం పట్టుచీర మీద రెయిన్‌కోటు వేసినట్టే, మీ ఇష్టం.

పలకలు మార్చేటప్పుడు కొత్త ఓక్ కొంటే రంగు, చెక్క మీది చారలు పాతదానితో కలవవు. బెడ్‌రూమ్ క్లోజెట్ లోపల అదే చెక్క ఉంటుంది కదా, అక్కడి పలకలు జాగ్రత్తగా తీసి హాల్లో వేయించండి, కొత్తవి క్లోజెట్లో పెట్టించండి, సూట్‌కేసుల కింద ఎవరూ చూడరు.