డిశ్చార్జ్ రోజు మందుల బిల్లు ఇలా చూడండి

హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల మందుల బిల్లులు చూస్తున్నాను. "ఇన్సూరెన్సే కదా కట్టేది" అని సంతకం పెట్టేయకండి. ఆ డబ్బు మీ పాలసీ మొత్తంలోంచే పోతుంది.

ముందు ఫార్మసీ బిల్లు వివరంగా అడిగి తీసుకోండి. నర్సులు రాసే మందుల చార్టు పక్కన పెట్టుకుని, ఒక్కో ఇంజెక్షన్ ఎన్నిసార్లు ఇచ్చారో లెక్కపెట్టండి. నాకు తేడాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. మామూలు జ్వరంతో చేరిన ఒక అబ్బాయికి ఐదు రోజులు మెరోపెనెమ్ ఎక్కించారు. రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్షకు రక్తమే పంపలేదు! అంత బలమైన యాంటీబయాటిక్ అనవసరంగా వాడితే డబ్బు పోవడంతో పాటు, బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారై రేపటి వైద్యమూ దెబ్బతింటుంది.

అన్నం తింటున్న మనిషికి ఇంకా పాంటోప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు) ఇంజెక్షనేనా, మాత్ర చాలదా అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. కారణం ఉంటే చెబుతారు. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపకండి.

వాడని మందులు వాపసు ఇచ్చి రిటర్న్ బిల్లు తీసుకోండి. ధర మీద అనుమానం ఉంటే మందుల ధరలు చూపే ప్రభుత్వ యాప్ ఫార్మా సహీ దామ్‌లో చూడండి. తేడా కనిపిస్తే సంతకానికి ముందే, బిల్లు ఫొటోతో ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి.