కలగలుపు సామానుతో ఇంజను పని – 3వ భాగం: వేరే ఏడాది హెడ్డు కూర్చోబెట్టడం

కిందటి భాగంలో కేసింగు, క్రాంకు చూశాం. ఇంజను నంబరు కేసింగు మీదే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోవద్దన్నాం. ఇప్పుడు పైభాగం, అంటే సిలిండరు మీద మూతలా కూర్చునే హెడ్డు. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు పాత సామాను కొట్లలో 97.2 సీసీ హీరో హోండా హెడ్లు తేలిగ్గా దొరుకుతాయి. సీడీ 100 నుంచి స్ప్లెండర్ ప్లస్ దాకా బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 49.5 మి.మీ. అందుకే కొట్టువాడు "ఏదైనా ఎక్కుతుంది" అంటాడు. ఎక్కుతుంది, నిజమే. ఎక్కాక ఎలా నడుస్తుందన్నదే ఈ పాఠం.

ఒక్క మినహాయింపు ముందే చెప్పాలి. ఐస్మార్ట్ 110 లోనూ బోరు 50 మి.మీ. కానీ స్ట్రోకు 55.6. ఇంజను నిర్మాణమే వేరు. బోరు కలిసిందని దాని సామాను కొనకండి.

కొట్టుకి వెళ్ళేటప్పుడు మీ ఇంజనుకి సరిపోయే కొత్త హెడ్ ప్యాకింగు (గ్యాస్కెట్టు) ఒకటి జేబులో పెట్టుకోండి. హెడ్డు తిప్పి దాని మీద పరచండి. నాలుగు స్టడ్ల కన్నాలు, డోవెల్ పిన్నుల (హెడ్డుని సరైన చోట నిలిపే పిన్నులు) చోటు, టైమింగ్ చైను దారి, ఆయిలు పైకెక్కే కన్నం అన్నీ కలవాలి. మొదటి మూడూ కలవకపోతే మీకే తెలుస్తుంది, హెడ్డు కూర్చోదు. ఆయిలు కన్నం అలా కాదు. సగం మూసుకుపోయినా హెడ్డు చక్కగా బిగుస్తుంది, బండి స్టార్టవుతుంది, వాల్వులు తెరిపించే క్యాము మాత్రం ఎండిపోయి కాసేపట్లోనే అరుగుతుంది. ప్యాకింగు కన్నంలోంచి వెలుతురుకి చూస్తే హెడ్డు కన్నం పూర్తిగా కనపడాలి. వంక ఉంటే వదిలేయండి, ఎంత చవకైనా సరే.

హెడ్డు కొంటే క్యాము, రాకర్లు (క్యాము కదలికను వాల్వులకి అందించే చేతులు) దాంతోపాటే అడగండి. అవి ఒకదానికొకటి అరిగి అమరిన జత. ఒకదాని క్యాముకి ఇంకోదాని రాకర్లు వేస్తే తాకే చోట పొర లేస్తుంది. టైమింగ్ చైను, ప్యాకింగులు, ఆయిల్ సీళ్ళు, రింగులు మాత్రం ఎప్పుడూ పాతవి కొనవద్దు. డబ్బు మిగుల్చుకోవలసింది అల్యూమినియం దిమ్మల దగ్గర, వీటి దగ్గర కాదు.

ఇంటికి తెచ్చాక హెడ్డుని కిరసనాయిలులో నానబెట్టి బొగ్గు గీకండి. ఇత్తడి రేకు వాడండి, స్క్రూడ్రైవరు కాదు. వాల్వులు బిగించి ఉండగానే పోర్టుల్లో పెట్రోలు పోసి సీట్ల దగ్గర చెమ్మ వస్తుందేమో చూడండి. చెమ్మ వస్తే వాల్వు గ్రైండింగు పేస్టుతో కూర్చోబెట్టాలి.

ఇప్పుడు అసలు కొలత. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ ఎంత? మాన్యువల్లో కంప్రెషన్ (సిలిండరులోకి వచ్చినది ఎన్నో వంతుకి నొక్కుకుంటుందో చెప్పే లెక్క) 9:1 అని ఉందనుకోండి. 97.2ని (9–1)తో భాగిస్తే 12.15 సీసీ రావాలి. సిలిండరు 0.50 ఓవర్‌సైజుకి బోరు కొట్టించి ఉంటే 97.2 బదులు 99.1 వేసుకోవాలి.

కొలవడానికి మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి చాలు, 0.2 గీతలున్నది అడగండి. పిస్టన్ అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, పాత ప్యాకింగుతో హెడ్డు బిగించండి. రెండు వాల్వులూ మూసుకున్న టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటుకి) తెచ్చి, ప్లగ్గు కన్నం అన్నిటికంటే పైకి వచ్చేలా ఇంజనుని బల్ల మీద వంచండి. ఇంజనాయిలు, కిరసనాయిలు సమపాళ్ళలో కలిపి సిరంజితో నెమ్మదిగా పోయండి. అటూ ఇటూ ఊపితే గాలి బుడగలు పైకొస్తాయి. ప్లగ్గు కన్నంలోని థ్రెడ్డు పైఅంచు దాకా నిండాక ఎంత పట్టిందో చూసి, థ్రెడ్డు భాగానికి 0.9 సీసీ తీసేయండి. మూడుసార్లు చేసి చూస్తే తేడా 0.2 దాటకూడదు. దాటితే లోపల గాలి నిలిచిందో, వాల్వో రింగో కారుతోందో.

11 సీసీ వచ్చిందనుకోండి. 97.2 ÷ 11 + 1 = 9.8. మైదానంలో ఒక్కడే తిరిగే బండికి ఇది నడవచ్చు. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వెళ్ళే బండికి మేము ఒప్పుకోం. ఇద్దరు మనుషులు, ఒక బస్తా, మూడో గేరులో తక్కువ ఆర్పీఎంతో లాగినప్పుడు ఇంజనులో గలగల (నాకింగు) మొదలవుతుంది. ఆ చప్పుడుతోనే తోలితే పిస్టన్ నెత్తి తినేస్తుంది. మందు తేలికే: సిలిండరు కింద 0.5 మి.మీ. అదనపు ప్యాకింగు. 50 మి.మీ. బోరులో ప్రతి 0.1 మి.మీ.కి 0.196 సీసీ పెరుగుతుంది. 0.5కి 0.98, అంటే ఖాళీ 11.98, కంప్రెషన్ 9.1. హెడ్డు లేచినందుకు క్యాము టైమింగు కాస్త ముందుకు జరుగుతుంది. 28 పళ్ళ స్ప్రాకెట్టయితే క్రాంకు లెక్కలో 2 డిగ్రీలు, పట్టించుకోనక్కరలేదు. చైను ఒక పన్ను తప్పితే మాత్రం 25 డిగ్రీలు పైనే, గుర్తులు రెండుసార్లు చూసుకోండి.

ఖాళీ ఎక్కువ వస్తే, అంటే 13.5 లాంటిదైతే (8.2:1), లేత్ షాపులో హెడ్డు 0.3 మి.మీ. చెక్కించవచ్చు. చెక్కించాక వాల్వు పిస్టన్‌కి తగలదని నిరూపించుకోకుండా కిక్కు కొట్టకండి. పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్ద పిస్టన్ నెత్తి మీద పెట్టి, హెడ్డు బిగించి, ట్యాపెట్లు (రాకరుకి, వాల్వుకి మధ్య సందు) సరిచేసి, క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. విప్పి మట్టిని బ్లేడుతో కోసి పలచని చోట కొలవండి. ఇన్‌టేక్ దగ్గర 1.5, ఎగ్జాస్టు దగ్గర 2 మి.మీ.కి తగ్గకూడదు. పిస్టన్ అంచుకి, హెడ్డుకి మధ్య దూరానికి మట్టి పనికిరాదు, సీసం తీగ పెట్టి, నలిగాక దాని మందం కొలవండి. పిస్టన్ పిన్ను వరుసలోనే రెండు పక్కలా పెట్టాలి, లేకపోతే పిస్టన్ ఒరిగి అబద్ధపు కొలత ఇస్తుంది. 0.8 మి.మీ. కంటే తక్కువైతే ప్యాకింగు పెంచండి.

చివరి బిగింపు కొత్త ప్యాకింగుతో, ఎదురెదురు నట్లు, మూడు విడతల్లో. ఆయిలు ఎక్కే స్టడ్డుకి రాగి వాషరు వేయడం మరవకండి.

గేజితో కంప్రెషన్ చూసేవాళ్ళకి ఒక మాట. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. పర్లాకిమిడిలో 11 కిలోలు చూపిన ఇంజనే అక్కడ 10 చూపిస్తుంది. రింగులు పోయాయనుకుని మళ్ళీ విప్పేయకండి.

500 కి.మీ. నడిచాక, రాత్రంతా చల్లారిన ఇంజను మీద నట్లు, ట్యాపెట్లు మళ్ళీ చూడాలి. 4వ భాగం మాగ్నెట్టు, పల్సరు కాయిలు, సీడీఐ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే యూనిట్టు) గురించి. మీ బండి సీడీఐ స్టేటర్ కాయిలుతో నడిచేదా, బ్యాటరీతో నడిచేదా అన్నది అప్పటికి చూసి పెట్టుకోండి.